ఆకుపచ్చ మడ్‌గార్డు

వరస కదలదు. ఇనపసామాన్ల కొట్టు వెనక భాగంలో బల్ల వేసి ఆయన్ని సంతకాలకి కూర్చోబెట్టారు. ఆ బల్ల దగ్గర మొదలైన వరస మేకుల డబ్బాలు దాటి, మంచు ఎత్తే పారలు దాటి, మెలికలు తిరుగుతూ పెయింటు డబ్బాల సందులోంచి వీధిలోకి పోయింది, వీధిలోంచి ఎక్కడిదాకా పోయిందో దేవుడికే తెలియాలి, కెనడా సరిహద్దు దగ్గర తోక కనిపించిందని ఎవడో అన్నాడు కూడా. ఆ పెయింటు సందులో, సరిగ్గా ఆకుపచ్చ రంగు డబ్బాల ఎదురుగా, పాత తువ్వాలులో చుట్టిన సైకిలు మడ్‌గార్డు చంకలో పెట్టుకుని కొరీన్ డెల్వో నిలబడి ఉంది. బయట నవంబరు చలికి కుక్క మొరిగితే మొరుగు గాల్లోనే గడ్డకట్టి కింద పడుతోంది. ఆమెకి మాత్రం కోటు గుండీలు విప్పి పారెయ్యాలన్నంత ఉడుకు. మంగళవారం పొద్దున రాజుకున్న పొయ్యి అది. ఇవాళ శనివారం. ఒక్క నిప్పురవ్వ ఆరలేదు.

మంగళవారం పొద్దున కాఫీ పెట్టుకుంటూ రేడియో తిప్పింది, అంతే ఆమె చేసిన తప్పు. ఊరి ఫుట్‌బాల్ జట్టులో ఒకప్పటి డెబ్బై ఏడో నంబరు గొంతు. ముసలిదైపోయింది, గరగరమంటోంది, అయినా ఆ గొంతు ఆమెకి తెలియదా, ఆర్విల్ స్టాబ్స్ గొంతు, ఊరు ఊరంతా దున్న అని ముద్దుగా పిలుచుకున్నవాడి గొంతు. రేడియోవాడు అడుగుతున్నాడు, ఆ రోజుల గురించి చెప్పండి సార్, పిల్లల సైకిళ్ల గురించి చెప్పండి. ఆయన చెప్తున్నాడు, ఓ చిన్న పిల్లుండేది, నేనెక్కితే దాని సైకిలు విరిగింది, మర్నాడు తెల్లారకుండానే వెళ్లి వాళ్ల గుమ్మం ముందు కొత్త సైకిలు పెట్టొచ్చా, ఆకుపచ్చది, పిల్ల పేరు గుర్తులేదు గానీ. రేడియోవాడు ముక్కు చీదుకున్నాడు. రేపు ఆదివారం మ్యాచ్ మధ్యలో ఆయనకి ఊరి తరఫున 'పిల్లల నేస్తం' అని షీల్డు ఇస్తారట, డెబ్బై వేల మంది లేచి నిలబడతారట. కాఫీ కప్పు తొట్టిలోకి విసిరికొడితే పిడి ఒకవైపు, కప్పు ఒకవైపు. ఆకుపచ్చదట. ఆకుపచ్చదని వాడికెలా తెలుసు? వాడి మొహం. సిగ్గు లేకపోతే సరి. ఇవాళ ఆ బల్ల దగ్గరికి వెళ్లాలి, ఊళ్లో అందరూ వింటుండగా, ఆ నోటితోనే, ఆ సైకిలు నేను కొనలేదు అనిపించాలి. అంతే. సంతకమూ వద్దు, ఫొటో వద్దు. ఆ ఒక్క మాట. ఇచ్చింది ఎవరో ఆ తర్వాత ఆమె చెబుతుంది.

"ఏమే కొరీనూ, చంకలో ఏంటే అది, పంది కాలా?"

వెనకాల గిబ్ లెఫీవర్. నాన్నతోపాటు కాగితం మిల్లులో, ఒకే యంత్రం దగ్గర ఆ పక్క నాన్న, ఈ పక్క గిబ్. ఆ యంత్రం ఇద్దరి చెవులూ తినేసింది, అందుకే గిబ్ గుసగుసలాడినా వీధి చివరి కుక్కలు లేస్తాయి. చంకలో పాత తోలు బంతి, సంతకం కోసం.

"నీ నాలుక్కి ఉప్పేసి ఎండబెట్టాలి బాబాయ్."

"ఆఁ? గట్టిగా చెప్పు."

"ఏం లేదంటున్నా!"

"ఏం లేకపోతే ఎందుకమ్మా అలా బుసకొడతావ్, చలికాలంలో పాములు నిద్రపోతాయి కదే" అని గిబ్ తన మాటకి తనే నవ్వుకున్నాడు, వరసలో ముందు ఇద్దరూ వెనక నలుగురూ నవ్వారు. నవ్వండి. ఈ ఊరికి రెండే పనులు, వరసల్లో నిలబడటం, నిలబడి కోతలు కోయటం. మ్యాచ్ టికెట్ల కోసం పిల్ల పుట్టగానే పేరు రాయిస్తారు, నీళ్లు పోసిన పిల్లకి ఇంకా బట్ట చుట్టకముందే. ఆ వరసలో చోటు వచ్చేసరికి ఆ పిల్ల ముసలిదవుతుంది, రాకపోతే చోటుని వీలునామాలో రాసి పోతుంది. వరసలో చోటు వదులుకున్న మనిషి ఈ ఊళ్లో ఇంతవరకూ పుట్టలేదు. గిబ్ అన్న ఒకడు టికెట్ల వరసలో నిలబడే చచ్చిపోయాడనీ, చలికి బిగుసుకుపోయి కింద పడలేదనీ, వెనకవాళ్లు తోసుకుంటూ కిటికీదాకా తీసుకెళితే అప్పటికీ చేతిలో డబ్బు వదల్లేదనీ గిబ్ చెబుతాడు. అన్న అసలున్నాడో లేడో. ఎవరికీ పట్టదు. కథ బాగుంటే చాలు.

అందరికీ ఒక కథ. కసాయి కొట్టు నడిపే ఆవిడకి గెలుపు గోలు కొట్టినవాడు ఎముకలు అడగటానికి వచ్చాడు, కుక్కకి కాదు, తనకే. పంటి డాక్టరు దగ్గర ఊడదీసిన, దున్నపోతు పన్నంత పన్ను ఒకటి బీరువాలో ఉంది, అది ఏ నంబరువాడిదో చూడాలంటే పళ్లు తోముకుని రమ్మంటాడు. గిబ్ కథ మంచు తుపాను కథ, కారు గోతిలో ఇరుక్కుంటే జట్టులో బంతి విసిరేవాడు ఎక్కడినుంచో వచ్చి ఒంటిచేత్తో ఎత్తి రోడ్డు మీద పెట్టాడు, పెట్టి, ఏ వైపు పోవాలి అని కూడా అడిగాడు. ఈ ఊళ్లో ఎవడికి ఏ మంచి జరిగినా అది ఆటగాళ్ల పద్దులోకే పోతుంది. ఎదురింటి లోర్నా ముసలమ్మ గుమ్మం ముందు మంచు తెల్లారేసరికి ఎత్తేసి ఉండేది, పోయేదాకా ఆవిడ అదే చెప్పింది, నా మంచు ఎత్తేది మన జట్టు కెప్టెను. నాన్న ఎత్తేవాడు. మిల్లు డ్యూటీకి పోయేముందు, చీకట్లో, పార శబ్దం కాకుండా, గోనెసంచి అడుగుకి కట్టి. కొరీన్ కిటికీలోంచి చూసింది. చెప్పొద్దు అని నాన్న పెదాలమీద వేలు పెట్టాడు. ఎందుకు చెప్పకూడదు? ఎందుకు నాన్నా? ఆవిడ సంతోషం ఎందుకు చెడగొట్టటం అన్నాడు. కెప్టెను ఎత్తిన మంచు వేరు, క్లెటస్ డెల్వో ఎత్తిన మంచు వేరు అన్నాడు. ఈ మాట తలచుకుంటే ఇప్పటికీ పళ్లు కొరుక్కోవాలనిపిస్తుంది. మంచు మంచే కదా నాన్నా. నీ నడుం నొప్పి నీదే కదా.

వరస రెండడుగులు జరిగింది. పెయింటు వాసన. మూత సరిగ్గా పడని డబ్బా ఎక్కడో ఉంది. ఆ వాసన ముక్కుకి తగలగానే వెనక వసారా, ఆగస్టు, ఈగలు.

"ఈ రంగు చూడవే" అన్నాడు గిబ్ డబ్బా ఒకటి తట్టి, వరసంతా వినేలా. "క్లెటస్ గాడు నా పడవకేసిన రంగు. రంగు మంచిదే, బ్రష్షే దిక్కుమాలింది. పారెయ్యరా అంటే వినడు, వాళ్ల తాత బ్రష్షట, ఒక్కోసారి వేస్తే పది వెంట్రుకలు రాల్చేది. పడవ ఆరాక చూద్దును కదా, దానికి గడ్డం మొలిచింది! నీళ్లలో దింపితే చేపలన్నీ, ఎవరో పెద్దాయనొచ్చాడ్రోయ్ అని లేచి నిలబడ్డాయి!"

వరస పొట్ట పట్టుకుంది. కొరీన్ నవ్వలేదు. తువ్వాలులోకి చెయ్యి పోనిచ్చి మడ్‌గార్డు మీద బొటనవేలు జరిపింది. అక్కడుంది. మలుపు దగ్గర, రంగులో ఇరుక్కుపోయి, గట్టిగా, బ్రష్షుది, ఒక పందివెంట్రుక. చిన్నప్పుడు సైకిలు ఆపి మరీ దాన్ని తడిమేది. ఇన్నేళ్లకీ అది ఊడలేదు.

సైకిళ్ల సంగతి ఈ ఊళ్లో ఎవరికి చెప్పాలి, అందరికీ తెలుసు. వేసవిలో జట్టు సాధన ముగించుకుని గేటు బయటికి వస్తుంది, గేటు బయట పిల్లలు సైకిళ్లు పట్టుకుని నిలబడతారు, ఒక్కో ఆటగాడూ ఒక్కో పిల్ల సైకిలు ఎక్కుతాడు, బట్టలు మార్చుకునే గదులదాకా తొక్కుతాడు, ఆ సైకిలు పిల్ల ఆయన హెల్మెట్ రెండు చేతులా పట్టుకుని పక్కన పరిగెడుతుంది. కొండంత మనిషి, మోకాళ్లు చెవులదాకా, కింద బుల్లి సైకిలు. ఆ జులై అంతా దున్న కొరీన్ సైకిలే ఎక్కాడు. నీలం సైకిలు, ముందు బుట్ట. ఆయన నడిచొస్తుంటే ఆయన నీడ ముందొచ్చేది, ఆ నీడలో నలుగురు పిల్లలు ఎండ తగలకుండా అన్నం తినెయ్యొచ్చు. హెల్మెట్ బరువు, అందులో చెమట వాసన, దాని మీద అవతలి జట్ల రంగులు గీతలు గీతలుగా, అది పొట్టకానించుకుని పరిగెడుతుంటే ఆమెకి తొమ్మిదేళ్లు, ప్రపంచంలో ఆమె కన్నా పైన ఇంకెవరూ లేరు. బుజ్జీ అనేవాడు. పద బుజ్జీ. అందర్నీ బుజ్జీ అనేవాడని తర్వాత తెలిసింది.

విరిగిన రోజు వాన పడి ఆగింది. ఆయన ఎక్కాడు, ముందు చక్రం అప్పడంలా మడతపడింది, బొంగు మధ్యకి విరిగింది, దున్న గడ్డిలో వెల్లకిలా పడ్డాడు, జట్టు జట్టంతా నవ్వింది, గేటు దగ్గరి జనం నవ్వారు, ఆయనా నవ్వాడు. కొరీన్ కూడా నవ్వింది, ఆయన నవ్వుతున్నాడు కాబట్టి. రేపు కొత్తది తెస్తా బుజ్జీ, నీలం కాదు, ఇంకా మంచిది. అని తల నిమిరాడు. ఆ చెయ్యి తలమీద టోపీలా కూర్చుంది. మర్నాడు ఆమె అందరికంటే ముందే గేటు దగ్గరుంది, సైకిలు లేకుండా. ఆయనొచ్చాడు. ఎర్ర సైకిలొకటి ఎక్కాడు, ఎవరిదో. ఆమె చేతులు చాపింది హెల్మెట్ కోసం. చాపిన చేతుల పక్కనుంచే వెళ్లిపోయాడు. ఛీ కొట్టలేదు, మొహం తిప్పుకోలేదు, అలా చేసినా బాగుండేది, అసలు చూడలేదు. ఆ చేతులు. ఇన్నేళ్ల తర్వాత ఈ పెయింటు సందులో నిలబడి కొరీన్ తన చేతులు జేబుల్లో కుక్కుకుంది, అవి మళ్లీ చాచి ఉన్నాయేమోనని.

ఆ మర్నాడూ వెళ్లింది. ఆ పై రోజూ. డ్యూటీ దిగి వస్తూ నాన్న చూశాడు, రోడ్డు అవతల నిలబడి, టిఫిను డబ్బా చేతిలో పట్టుకుని. పిలవలేదు. ఇంటికొచ్చాక ఏమీ అడగలేదు. నాలుగు రోజులు వెనక వసారాలోకి ఎవర్నీ రానివ్వలేదు, తలుపు బాగు చేస్తున్నానన్నాడు. తర్వాత ఒక పొద్దున నిద్రలేపాడు. "లేవే లేవే, నీ డెబ్బై ఏడు వచ్చి వెళ్లాడే! నిన్ను లేపొద్దన్నాడు!" గుమ్మం ముందు ఆకుపచ్చ సైకిలు. పొద్దుటి తేమకి తడిసి మెరుస్తోంది. కొరీన్ కేకకి పక్కింటి కోళ్లు రెండు రోజులు గుడ్లు మానేశాయి. ఆ రాత్రి భోజనాల దగ్గర అమ్మ కోడిమాంసం, కూరగాయలు వేసి కాచిన బూయా పులుసు వడ్డించింది, నాన్న చెంచా పట్టుకున్నాడు, ఆ బొటనవేలి గోరు అంచున ఆకుపచ్చ. సన్నగా, నెలవంకలా. కొరీన్ చూసింది. నాన్న ఆమె చూడటం చూశాడు. చెంచా చెయ్యి మార్చాడు. "ఏమన్నాడు నాన్నా ఇంకా?" అని అడిగింది కొరీన్. "ఏమంటాడు, మీ కొరీన్‌లా హెల్మెట్ మోసే పిల్ల ఇంకొకతి లేదన్నాడు" అన్నాడు నాన్న, పులుసులోకి చూస్తూ. అంతే. నాన్న ఆమె కోసం అబద్ధమాడాడు, ఆమె నాన్న కోసం నమ్మింది. ఇద్దరి మధ్యా అది కుదిరిపోయింది, మాటల్లేకుండా, పులుసు చల్లారకముందే.

నమ్మటం మొదలుపెట్టాక కాస్తే నమ్మి ఊరుకోవటం ఎలా. శుక్రవారం చేపల విందుల్లో, బడిలో, చర్చి మెట్లమీద, పెళ్లయ్యాక అత్తారింట్లో, బారులో చుట్టూ చేరినవాళ్లకి, ఏటేటా కథ పెరిగింది. మొదటి ఏడు దున్న ఒక్కడే వచ్చాడు. రెండో ఏడు ట్రక్కులో వచ్చాడు. పన్నెండేళ్లప్పుడు సైకిలు బుట్టలో కుక్కపిల్లని కూడా పెట్టింది కొరీన్, రిబ్బను కట్టి. ఆ తర్వాత బ్యాండుమేళం. ఊరు ఆ కథని నోట్లో వేసుకుని చప్పరించింది. నాన్న పక్కన కూర్చుని, ఔనౌను, బ్యాండు కూడా ఉందండోయ్, అని తలూపేవాడు, కళ్లు తడిసేలా నవ్వేవాడు. అది వాళ్లిద్దరి ఆట. ఆ ఆటలో డెబ్బై ఏడు ఒట్టి బంతి. బంతి లేచొచ్చి, గెలిచింది నేనే అంటే ఎలా ఊరుకుంటాం?

మే నెలలో నాన్న పోయాడు. చర్చి కింద గదిలో భోజనాలు, హాము రొట్టెలు, బంగాళాదుంపలు. ఇదే గిబ్ లేచాడు, గొంతు సవరించుకున్నాడు. నాన్న గురించి చెప్తాడనుకుంది. మిల్లు గురించి, చేపల గురించి, ఆ బ్రష్షు గురించైనా. "క్లెటస్ అదృష్టవంతుడు, డెబ్బై ఏడు కాలుపెట్టిన గుమ్మం వాళ్లది" అన్నాడు గిబ్. అందరూ ఔనౌనన్నారు. అక్కణ్ణుంచి అరగంట దున్న కథే. ఎంత మంచి మనిషో, ఎంత పెద్ద మనసో. శవప్పెట్టె పైన చర్చిలో వేదిక మెట్టు మీదే ఉంది ఇంకా. నాన్న చావు భోజనాల్లో డెబ్బై ఏడు మంచితనం. కొరీన్ చేతిలో కాగితం పళ్లెం వంగిపోయి బంగాళాదుంపలు చెప్పుల మీద పడ్డాయి. అరుద్దామనుకుంది. ఏమని అరవాలి? అన్నేళ్లు బ్యాండుమేళం మోగించిన నోటితో?

"జరగవే తల్లీ, నిద్రపోయావా, నీ ముందు ఫుట్‌బాల్ మైదానమంత జాగా ఉంది!"

జరిగింది. మేకుల డబ్బాలు దాటింది. ఇప్పుడు బల్ల కనిపిస్తోంది. బల్ల వెనక మొదట కనిపించింది మనిషి కాదు, ఛాతీ, భుజాలు, కొండచరియలా, ఆ పైన చిన్నదైపోయిన తల. తొమ్మిదేళ్లది లోపల్నుంచి, పద బుజ్జీ, అంటోంది, నోరుమూసుకో అంది దానితో. మాటలు సరిచూసుకుంది. ఆర్విల్ స్టాబ్స్ గారూ, ఆ సైకిలు పిల్లని నేనే, నువ్వేమీ కొనలేదు, కొన్నానని ఎలా చెప్పావు, రేపు షీల్డు ఎలా తీసుకుంటావు. గారూ ఎందుకు. గారూ తీసెయ్యాలి. ముందున్నాయన టోపీ మీద సంతకం చేయించుకుని కళ్లు తుడుచుకుంటూ పక్కకి తప్పుకున్నాడు. తనే ఇప్పుడు.

పక్కన కుర్చీలో ఆయన భార్య, మార్వెల్, సన్నటి మనిషి, కలం మూతలు తీసి అందిస్తోంది. ఆయన చేతులు బల్ల మీద ఉన్నాయి. వేళ్లు ఒక్కోటి ఒక్కో వైపు వంకరపోయి, గాలిలేకుండా కదిలే కొమ్మల్లా వణుకుతున్నాయి.

"ఆర్విల్ స్టాబ్స్" అంది కొరీన్. గొంతు ఎంత గట్టిగా వచ్చిందంటే గిబ్‌కి కూడా వినపడింది. "నన్ను గుర్తుపట్టావా?"

ఆయన తలెత్తాడు. ఆ కళ్లు ఆమె మీదికి వచ్చాయి, ఆగాయి, ఆమెలోంచి వెనకాలున్న పారల మీదికి పోయాయి. అదే చూపు. ఎర్ర సైకిలు మీద పోయిన చూపే. కొరీన్ తువ్వాలు లాగి పడేసి మడ్‌గార్డు బల్లమీద ఠంగున పెట్టింది. ఆయన మొహం వెలిగింది, దీపం వత్తి ఎగదోసినట్టు.

"ఆకుపచ్చది" అన్నాడు. "ఓ పిల్లుండేది బుజ్జీ. దాని సైకిలు విరగ్గొట్టా. పొద్దున్నే తీసుకెళ్లి పెట్టొచ్చా. బుట్టలో కుక్కపిల్లని కూడా పెట్టా. రిబ్బను కట్టి. బ్యాండు..." ఆగాడు, భార్య వైపు చూశాడు, చిన్నపిల్లాడు పద్యం మరిచిపోయి చూసినట్టు. "బ్యాండు ఉంది కదూ?"

"ఉంది" అంది మార్వెల్. "నువ్వే పిలిపించావు."

కుక్కపిల్ల. కొరీన్ కుక్కపిల్ల, పన్నెండేళ్లప్పుడు తిక్కపుట్టి బుట్టలో పడేసిన కుక్కపిల్ల. మార్వెల్ బల్లమీంచి వంగి ఆమె మణికట్టు పట్టుకుంది. చల్లటి చెయ్యి, గట్టి పట్టు.

"నువ్వేనా ఆ పిల్లవి" అంది గుసగుసగా. "నీ మొహం చూస్తే తెలుస్తోంది ఎందుకొచ్చావో. నాకు తెలుసమ్మా. ఆ రోజుల్లో ఈయన నాకు ఓ పువ్వు కొన్న పాపాన పోలేదు, నీకు సైకిలు కొంటాడా. ఆటలో ఆ తలతో గుద్ది గుద్ది, లోపలున్నదంతా రాలిపోయింది. పిల్లల పేర్లు లేవు. నా పేరు ఒకరోజు ఉంటుంది, ఒకరోజు ఉండదు. ఈ ఊరివాళ్లెవరో ఆ కథ చెప్పారు, అది పట్టుకున్నాడు. అదొక్కటే ఉంది. రాత్రిళ్లు ఏడుస్తుంటే అదే చెప్పి పడుకోబెడతా. తీసెయ్యకు తల్లీ."

అయితే? అయితే నాన్న సంగతి? ఈయన రాత్రిళ్లు హాయిగా పడుకోవటానికి మా నాన్న మట్టిలో పేరు లేకుండా పడుకోవాలా? చేతులు చాపి నిలబడ్డ పిల్లని చూడనివాడు ముసలాడైతే జాలి, మంచు ఎత్తినవాడు ముసలాడై చస్తే హాము రొట్టె! అందామనుకుంది. అందరూ వినేలా అందామనే వచ్చింది. ఎదురుగా ఆ వంకర వేళ్లు మడ్‌గార్డుని నిమురుతున్నాయి, మెల్లగా, కుక్కపిల్లని నిమిరినట్టు. కోపం గొంతుదాకా వచ్చి, బయటికి దారి లేక, వెనక్కి పోనని మొండికేసి, అక్కడే కుతకుతా ఉడికింది. ఆమె కలం తీసుకుంది, ఆయన వేళ్ల మధ్య పెట్టింది.

"సంతకం చెయ్యి."

"ఎవరికని రాయను బుజ్జీ?"

"ఎవరికీ కాదు. నేను చెప్పిన పేరు రాయి. క్లెటస్. డెల్వో."

"ఈయన తన పేరే..." అని మార్వెల్ మొదలుపెట్టింది. కొరీన్ ఆమె వైపు చూసిన చూపుకి ఆ మాట సగంలో చచ్చిపోయింది.

ఆయన రాశాడు. నాలుక బయటపెట్టి, ఒక్కో అక్షరం అడిగి అడిగి, ఆకుపచ్చ రంగు మీద నల్లటి సిరాతో. క్లెటస్ డెల్వో. రాసి, అలవాటు కొద్దీ, కింద టకటకా రెండు ఏడంకెలు వేశాడు, డెబ్బై ఏడు. ఆ అంకె మాత్రం చెయ్యి వణక్కుండా పడింది. కొరీన్ కలం లాక్కుంది. ఆ అంకెని కొట్టేసింది. ఒకసారి కాదు, రంగు లేచి ఇనుము కనపడేదాకా కొట్టేసింది. ఆయన ఏమీ అనుకోలేదు. "పద బుజ్జీ" అన్నాడు నవ్వుతూ. ఆ మాటకి ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆ నీళ్లమీద ఆమెకి ఇంకా కోపం వచ్చింది.

వెనక్కి తిరిగితే గిబ్. మెడ పొడవు చేసి చూస్తున్నాడు.

"ఏం రాశాడే? చూపించు, చూపించు." చదివాడు. కళ్లజోడు పైకి తోసి మళ్లీ చదివాడు. "క్లెటస్ డెల్వో... ఇది మీ నాన్న పేరు కదే!"

"అవును. సైకిలు ఇచ్చినాయన సంతకం."

గిబ్ కొట్టు అద్దాలదిరేలా నవ్వాడు. "ఓరినాయనో! విన్నారా? ఇన్నేళ్లూ దున్న తెచ్చాడంది, ఇప్పుడు క్లెటస్ తెచ్చాడట! వచ్చే ఏడు కుక్కపిల్లే తొక్కుకుంటూ తెచ్చిందంటుంది! నీ కోతలకి కొడవలి అరిగిపోదటే?"

వరస నవ్వింది. పెయింటు సందుదాకా నవ్వింది. ఇదీ న్యాయమే కాబోలు, బ్యాండుమేళం మోగించినదానికి. అరికాళ్లనుంచి మంట. కొరీన్ గిబ్ కుడిచెయ్యి పట్టుకుంది, గట్టిగా, ముసలాడు అబ్బా అన్నాడు, ఆ బొటనవేలు తీసుకెళ్లి మడ్‌గార్డు మలుపు దగ్గర పెట్టి నొక్కింది.

"తడుము."

"ఏంటే, ఏముందని..."

"తడుము బాబాయ్."

గిబ్ తడిమాడు. నవ్వు మొహం మీద అలాగే ఉంది, వేలు ఆగింది. వెనక్కి వెళ్లింది, మళ్లీ ముందుకొచ్చింది. ఇంకొంచెం కిందికి జరిగింది, అక్కడ ఇంకొకటి. నవ్వు ఒక్కో పన్నూ లోపలికి పోయింది. మడ్‌గార్డు తీసుకుని కిటికీ వెలుగులోకి వంచి చూశాడు, తన పడవని చూసినంతసేపు చూశాడు.

"ఆ దిక్కుమాలిన బ్రష్షు" అన్నాడు. చిన్నగా. గిబ్ అంత చిన్నగా మాట్లాడటం ఆ ఊళ్లో అదే మొదటిసారి.

"మే నెలలో" అంది కొరీన్, "మా నాన్న భోజనాల్లో నువ్వేమన్నావో గుర్తుందా?"

గిబ్ వేలు మళ్లీ ఆ వెంట్రుక దగ్గరికి పోయింది.

"తర్వాత ఎవరండీ, రండి" అని మార్వెల్ పిలిచింది. బల్ల ముందు జాగా ఖాళీగా ఉంది. తెల్లారకముందునుంచి నిలబడి సంపాదించిన చోటు, గిబ్ చోటు. వెనకవాళ్లు తోస్తున్నారు, వెళ్లవయ్యా, వెళ్లు. గిబ్ మడ్‌గార్డుని రెండు చేతులా కొరీన్ చేతుల్లో పెట్టాడు. చంకలో బంతిని ఇంకాస్త గట్టిగా నొక్కుకుని, ఎవరి మొహమూ చూడకుండా, వరసలోంచి పక్కకి తప్పుకున్నాడు.